ఒకే భోషాణం, అయిదు చోట్లు: కరణం ఇంటి లెక్కలను మళ్ళీ ఒక్కచోట చేర్చిన పని

ఈ కేసు ఒక టేకు భోషాణానిది. చీరాల వైపు ఒక ఊళ్ళో తరతరాలుగా కరణీకం చేసిన, అంటే ఊరి భూముల, శిస్తుల లెక్కలు రాసిన కుటుంబం దాన్ని లోపలి సరుకుతో సహా మా మ్యూజియానికి ఇచ్చింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. ఆ తర్వాత కోస్తాలో చాలా ఇళ్ళలో జరిగిందే ఇక్కడా జరిగింది. పిల్లలు పట్నాలకు వెళ్ళారు, పాత ఇల్లు అమ్మకానికి వచ్చింది, కవిలె కట్టలు, అంటే లెక్కలు రాసిన తాటాకుల కట్టలు, ఎవరికీ అక్కర్లేకపోయాయి. తాటాకులను పొయ్యిలో పెట్టకుండా మ్యూజియానికి పంపిన ఇళ్ళు తక్కువ. ఈ ఇల్లు పంపింది.

నేను ఇక్కడ రికార్డుల విభాగం చూస్తాను. నేను చేరేనాటికి భోషాణం ఖాళీగా, చెక్కపని నమూనాగా కింది హాల్లో ఉంది. లోపలి సరుకు దేని జాతికి అది వెళ్ళిపోయింది. తాటాకులు వ్రాతప్రతుల గదికి, ఇత్తడి కుంచాలు, మానికలు లోహపు వస్తువుల గదికి, కాగితాలు మేడమీది స్టోరుకు చేరాయి. సర్వే గొలుసు వ్యవసాయ పనిముట్ల కింద, గుడ్డలో మూటకట్టిన రూపాయి నాణేలు నాణేల అలమరాలో ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో నంబరు, ఒక్కో రిజిస్టరు. ఇవన్నీ ఒక పెట్టెలోంచి వచ్చాయని ఏ రిజిస్టరులోనూ లేదు. "దాత" గడిలో కొన్నిటికి కుటుంబం ఇంటిపేరుంది, కొన్నిటికి "కానుక" అని మాత్రమే ఉంది, నాణేలకు అదీ లేదు.

ఇది అప్పటి వాళ్ళ నిర్లక్ష్యం అనను. వస్తువును దాని పదార్థాన్ని బట్టి భద్రపరచడం సంరక్షణ దృష్టితో సరైన పనే. తాటాకుకు కావలసిన తేమ ఇత్తడికి పడదు. చిక్కల్లా, విడదీసేటప్పుడు ఏది దేని పక్కన ఉండేదో రాసిపెట్టకపోవడమే. పది రూపాయల నోటు పుస్తకంలో ఒక పేజీ సరిపోయేది.

కొమ్మమూరు కాలువ కింద భూముల మీద పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి మా దగ్గరకు రావడంతో ఈ పని మొదలైంది. విజయవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట 1855లో పూర్తయ్యాక పడమటి డెల్టాలో మెట్ట మాగాణి అయిన తీరును సర్కారు నివేదికల్లోంచి కాకుండా ఊరి లెక్కల్లోంచి చూడాలని ఆ విద్యార్థి ఉద్దేశం. ఊరి పేరు చెప్పగానే వ్రాతప్రతుల గదిలో మూడు కవిలె కట్టలు దొరికాయి. చదివితే అర్థం కాని లెక్కలు. "పెద్ద కుంచాన", "చిన్న కుంచాన" అని పదే పదే వస్తోంది. ఏ కుంచం? ఎంత పెద్ద? ఆకుల్లో జవాబు లేదు.

జవాబు కింది అంతస్తులో, గాజు అద్దం వెనక, "ధాన్యపు కొలతలు, ఇత్తడి, 19వ శతాబ్దం" అనే చీటీ పక్కన కూర్చుని ఉంది. ఆ సంగతి బయటపడింది మాత్రం మా ఆఫీసు పాత ఉత్తరప్రత్యుత్తరాల ఫైలు వల్ల. కరెంటు బిల్లులకీ, సున్నాల ఖర్చుకీ మధ్య భోషాణం ఇచ్చిన కుటుంబ పెద్ద రాసిన ఉత్తరం ఉంది. వెనకవైపు పెట్టెలో ఏమేం ఉన్నాయో ఆయన స్వదస్తూరీతో వరసగా రాశారు. "పెద్ద కుంచం 1, చిన్న కుంచం 1, మానికలు, సోలలు, గొలుసు (ఒక పిడి లేదు), తాతగారి గంటం, మూటలో రూపాయలు, దేవుడి మాన్యం కాగితాలు..." పెద్ద, చిన్న అన్న మాటలు ఆయన పరిమాణం చూసి వేసినవి కావనీ, ఇంట్లో తరాలుగా ఆ కుంచాలకున్న పేర్లనీ కవిలెలు చదివాకే తెలిసింది.

ఏ ప్రాంతీయ మ్యూజియంలోనైనా నేను మొదట అడిగేది దాని ఆఫీసు ఫైళ్ళే. గ్యాలరీలో ఉన్నదాని గురించి గ్యాలరీకి తెలియనిది ఆ దుమ్ము ఫైళ్ళకు తెలుసు. కానీ వాటిని ఆర్కైవ్ అని ఎవరూ అనుకోరు. నిర్ణీత కాలం కాగానే "నిరుపయోగ రికార్డు" కింద వేసి కాటాకు అమ్మేస్తారు. మా ఫైలు ఎలా తప్పించుకుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

తాటాకులు చదవడం దగ్గర కాస్త ఆగుతాను, పని బరువంతా అక్కడే ఉంది. ఆకులను ముందు మెత్తటి కుంచెతో తుడిచి, పెళుసెక్కిన వాటికి నిమ్మగడ్డి నూనె పల్చగా పట్టించాం. గంటంతో గీసిన అక్షరానికి రంగుండదు. దీపపు మసి రుద్ది తుడిస్తే గాట్లలో నలుపు నిలిచి అక్షరం పైకి తేలుతుంది. కొన్ని ఆకుల మీద మసి పాతదే బాగుంది, వాటిని ముట్టుకోలేదు. పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు వేసి ఫొటోలు తీస్తే మసి లేకపోయినా చదవొచ్చు. ఇప్పుడు మేం ముందు అదే చేస్తున్నాం.

అక్షరాల కంటే అంకెలతో ఎక్కువ తంటా వచ్చింది. తెలుగు లెక్కల్లో భిన్నాలకు వేరే గుర్తులున్నాయి. కాలు, అర, ముక్కాలుకు నిలువు గీతలు. వీసాలకు, అంటే పదహారో వంతులకు, అడ్డగీతలు. ఆ కింది మెట్టుకు, అంటే వీసంలో నాలుగో వంతుకు, మళ్ళీ నిలువు గీతలు. అంతా నాలుగుతో భాగించే లెక్క. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. చివరి మెట్టు తప్ప ఈ వరసంతా రెండుతోనో నాలుగుతోనో నడుస్తుంది కాబట్టి, గీతలతో రాసే భిన్నం కళ్ళం దగ్గర కొలిచే చేతికి సరిగ్గా సరిపోయింది. ఈ గుర్తులు 2008 నుంచి యూనికోడ్‌లో కూడా ఉన్నాయి. అయినా వాటిని గుర్తుపట్టే కళ్ళు తగ్గిపోయాయి.

మా దగ్గర ఆకులను కంప్యూటర్లో ఎక్కించిన పిల్లలు చదువుకున్నవాళ్ళే. కానీ పంక్తి చివర రెండు నిలువు గీతలు కనిపిస్తే పద్యాల్లోలాగా విరామ దండలనుకున్నారు. "తూములు 3" అని ఎక్కించారు, అది నిజానికి మూడున్నర. అడ్డగీతను ఆకు మీది గాటనుకుని వదిలేశారు. ఇది ఎలా దొరికిందంటే, ప్రతి ఆకు చివరా కరణం "వెరసి" వేశాడు. పైవన్నీ కూడితే వెరసి రావాలి, రాలేదు. ఎక్కడ ఎంత తగ్గిందో చూస్తే అన్నిచోట్లా తగ్గింది అరలూ, పాతికలూ, వీసాలే. ఆనాటి కరణం తన తప్పులు తాను పట్టుకోవడానికి పెట్టుకున్న వెరసి మా తప్పులను కూడా పట్టించింది. అప్పటినుంచి లెక్కల ఆకు ఏదైనా వెరసి కుదిరితేనే క్యాటలాగ్‌లోకి వెళ్తుంది.

వెరసులు కుదిరాక ఆకుల్లో రెండు రకాల లెక్కలు తేటగా విడిపోయాయి. కౌలు ధాన్యం వచ్చినప్పుడు "పెద్ద కుంచాన". కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, వెట్టి వీళ్ళకు కళ్ళం దగ్గర ఇచ్చే మేర "చిన్న కుంచాన". తీసుకునేది ఒక కొలతతో, ఇచ్చేది ఇంకో కొలతతో.

గాజు పెట్టెలోంచి రెండు కుంచాలూ బయటికి తీశాం. ఇత్తడికి నీళ్ళు మంచివి కావు కాబట్టి పొడి జొన్నలతో కొలిచాం. చిన్న కుంచాన్ని అంచుకు సమంగా గీసి నింపి, ఆ జొన్నలు పెద్ద కుంచంలో పోస్తే అంచుకు రెండు వేళ్ళ కింద ఆగిపోయాయి. రెండు కుంచాల అడుగులూ ఒకే వెడల్పు, ఎత్తులోనే తేడా. పక్కపక్కన పెట్టకపోతే కంటికి ఆనని తేడా. గ్యాలరీలో ఇన్నేళ్ళూ చిన్నదాన్ని "డూప్లికేట్" అని రాశారు. ఒక దశలో ఇంకో మ్యూజియానికి మార్పిడి కింద ఇవ్వచ్చన్న జాబితాలో కూడా ఉందది.

ఇక్కడ ఆగిపోతే కథ చాలా బాగుంటుంది, పత్రికలవాళ్ళకు కూడా నచ్చుతుంది. నాకు మాత్రం అనుమానంగానే ఉంది. ఆ ఊరికి వెళ్ళి, మేర తిన్న ఇళ్ళలో పెద్దవాళ్ళను అడిగాం. కమ్మరి పనిచేసిన ఒక ముసలాయన చిన్నప్పుడు తండ్రితో కళ్ళాలకు వెళ్ళినవాడు. ఆయన అన్నది ఇది: "మేర చిన్న కుంచానే కొలుస్తారు బాబూ, అది ఊరందరికీ తెలిసిందే. దానికి పోట్లాట లేదు. రాశి పోస్తారా, గీసి పోస్తారా, దానికే పోట్లాట."

తిరిగొచ్చి మళ్ళీ కొలిచాం. చిన్న కుంచాన్ని రాశిగా, గింజ జారిపోయేదాకా పోసి, ఆ జొన్నలు పెద్దదాంట్లో వేస్తే తేడా సగానికి పైగా పూడింది. అంటే గీసి కొలిస్తే ఒక మేర, రాశి పోస్తే ఇంకో మేర. పెట్టేవాడి మనసును బట్టి, ఆ ఏడు పంటను బట్టి ఏదైనా జరిగి ఉండొచ్చు. ఆకు మీద "చిన్న కుంచాన" అని ఉంటుంది గానీ పోసిన చెయ్యి ఎలా పోసిందో ఉండదు. ఇత్తడిలోనూ ఉండదు. ఆ ఊరి మనుషులను కూడా సేకరణలో భాగంగా చూడకపోతే, రెండు గదులూ కలిపినా సగం మాటే దొరికేది. ఆయన మాటలు రికార్డు చేసి, కుంచాలూ ఆకులూ ఉన్న గుంపులోనే ఆడియోకి కూడా నంబరిచ్చాం.

తేదీల సంగతి త్వరగా చెప్తాను. ఒక కట్ట మీద "ధాత సంవత్సరం" అని ఉంది. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కాబట్టి అది 1816 కావచ్చు, 1876 కావచ్చు, 1936 కూడా కావచ్చు. పాత జాబితాలో ఎవరో 1816 అని రాసి ఖాయం చేసేశారు. పాతదైతే గొప్ప కదా. లోపలి ఆకు ఒకదాని అంచున "ఫసలీ 1286" అని చిన్నగా ఉంది. ఫసలీకి 590 కలిపితే ఆ రెవెన్యూ ఏడాది మొదలైన సంవత్సరం వస్తుంది: 1876 జూలై నుంచి 1877 జూన్ దాకా. అంటే పెద్ద ధాత కరువు ఏడాది. నాణేల మూట కూడా దీనికి అడ్డు రాలేదు. రూపాయల మీద విక్టోరియాను 1876 దాకా రాణి అనీ, 1877 నుంచి చక్రవర్తిని అనీ ముద్రించారు. మూటలో రెండు రకాలూ ఉన్నాయి. నాణేల మూట ఆకుల కట్ట కాలాన్ని దాటి ముందుకెళ్ళిందనడానికే అది సాక్ష్యం, కట్ట తేదీకి కాదు. ఈ తేడా కూడా క్యాటలాగ్‌లో రాశాం. గుంటూరు ప్రాంతాన్ని 1832-33లో తుడిచిపెట్టిన డొక్కల కరువు నందన సంవత్సరంలో వచ్చింది. నందన మళ్ళీ 1892-93లో వచ్చింది. ఆ పేరున్న ఆకు మీకెక్కడైనా దొరికితే కరువు ఆకు దొరికిందని వెంటనే సంతోషపడకండి, ఫసలీ కోసం వెతకండి.

ధాత ఏడాది ఆకుల్లో కరువు అన్న మాట లేదు. ఆనకట్ట నీళ్ళున్న డెల్టాలో పంట పండింది. కనిపించేది వేరే: మేర లెక్క కింద, ఊరి పేర్లకు విడిగా, "పడమటి వాళ్ళకు" అని కూలి గింజల ఖర్చు. కడప, కర్నూలు, బళ్ళారి వైపు జనం అల్లాడిన ఏడాదిలో డెల్టా పొలాలకు పనికోసం వచ్చిన మనుషులు వీళ్ళై ఉండాలని నా ఊహ. పేర్లు రాయలేదు. వాళ్ళకు కొలిచింది ఏ కుంచాన అన్నది కూడా రాయలేదు.

మాన్యం కాగితాల కోసం రాష్ట్ర ఆర్కైవ్స్‌కి వెళ్ళాల్సి వచ్చింది. కొత్తగా ఈ పనికి దిగేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే కాబట్టి వివరంగా చెప్తాను. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లా, 2022 నుంచి. అంతకుముందు ప్రకాశం. ఆ జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా పుట్టి 1972లో పేరు మార్చుకుంది. 1904 నుంచి 1970 దాకా గుంటూరు జిల్లా. 1859లో గుంటూరును మచిలీపట్నంతో కలిపి కృష్ణా జిల్లా చేశారు కాబట్టి 1859 నుంచి 1904 దాకా కృష్ణా. మాన్యాలను విచారించిన ఇనాం కమిషన్ 1858లో మొదలైంది. దాని రిజిస్టర్లు తయారైన కాలానికి మన ఊరు కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలో ఉంది. గుంటూరు పేరుతో వెతికినవాడికి ఏమీ దొరకదు, రికార్డులు లేవనుకుని వచ్చేస్తాడు. తాలూకా పేరు పట్టుకుని వెతకడం మంచిది, జిల్లాల కంటే అవి నిలకడగా ఉన్నాయి. రిజిస్టరులో దొరికిన మాన్యం విస్తీర్ణం ఎకరాల్లో ఉంది, ఇంటి కాగితంలో కుచ్చెళ్ళలో, అంటే పాత భూమి కొలతలో ఉంది. రెండిటికీ మధ్య వంతెన ఆ పిడి లేని గొలుసే. వంద లింకులు, 66 అడుగులు, పది చదరపు గొలుసులైతే ఒక ఎకరం. పనిముట్ల గదిలో దాన్ని నాగలి పక్కన పెట్టారు.

ఇలా విడిపోవడం మా ఒక్క మ్యూజియం జబ్బు కాదు. అమరావతి స్తూపం సంగతి అందరికీ తెలిసిందే. 1816లో కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ మనుషులు గీసిన చిత్రాలు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి మద్రాసుకు పంపిన పలకలు 1859లో ఓడెక్కి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై ఎగ్మూరులో, మిగిలినవి అమరావతిలో. మెకంజీ చిత్రాల్లో ఉండి ఈరోజు ఎక్కడా రాయిగా లేని పలకలు చాలా ఉన్నాయి. ఆ రాళ్ళ గురించి మనకు తెలిసింది కాగితం వల్లే. ఆ కాగితాన్నీ రాయినీ ఒకే చోట చూడాలంటే రెండు ఖండాలు తిరగాలి. మేం తిరగాల్సింది ఒక మెట్ల వరస, అదే నయం.

కాగితాల్లో కొన్ని ఇంటివి కావు. అడంగల్ (ఏ పొలంలో ఎవరు ఏం పండించారో రాసే ఊరి లెక్క) పేజీలు, సర్వే పటాలు సర్కారు రికార్డు. పదవులు రద్దయినప్పుడు అప్పగించాల్సినవి ఏ కారణం చేతనో ఇంట్లోనే ఉండిపోయినట్టున్నాయి. కుటుంబం మంచి మనసుతో ఇచ్చింది గానీ, ఇవ్వడానికి అవి వాళ్ళవి కావు, తీసుకోవడానికి మావీ కావు. వాటిని వేరుగా జాబితా వేసి, స్కాన్ చేసి, అసళ్ళను రెవెన్యూ వారికి రసీదు మీద అప్పగించాం. మ్యూజియం ఇలాంటివి దాచుకోకూడదని నా గట్టి అభిప్రాయం. నాతో ఏకీభవించని సహోద్యోగులున్నారు. మ్యూజియంలో ఉంటేనే భద్రం అంటారు వాళ్ళు. వాళ్ళ భయం నిరాధారం కాదు.

వస్తువులను తిరిగి భోషాణంలో పెట్టలేదు, పెట్టకూడదు కూడా. తాటాకులు తాటాకుల గదిలోనే, ఇత్తడి ఇత్తడి గదిలోనే ఉన్నాయి. పాత నంబర్లు కూడా మార్చలేదు, ఎందుకంటే అచ్చయిన పాత జాబితాలు వాటి మీదే ఆధారపడ్డాయి. ప్రతి వస్తువుకూ ఒక గుంపు నంబరు అదనంగా చేర్చాం. ఆ నంబరు కొడితే కుంచం, ఆకు, గొలుసు, నాణెం, మాన్యం కాగితం, కుటుంబ పెద్ద ఉత్తరం, కమ్మరి తాత గొంతు ఒకే తెరమీద వస్తాయి. ఇప్పుడు ఏ కుటుంబం పెట్టె తెచ్చినా మూత తెరవగానే, దేన్నీ కదపకముందే, పొర పొరకూ ఫొటో తీస్తాం. ఇచ్చినవాళ్ళతో కూర్చుని వస్తువును ఇంట్లో ఏమని పిలిచేవారో అడిగి అదే మాట రాస్తాం.

చివరి పేచీ చీటీ దగ్గర వచ్చింది. రెండు కుంచాలనూ పక్కపక్కన పెట్టి, కౌలుకు పెద్దది, మేరకు చిన్నది అని రాశాం. కుటుంబం నుంచి ఒకరు వచ్చి చూసి, "మా తాతలను దొంగకొలతల వాళ్ళని అంటున్నారండీ" అని నొచ్చుకున్నారు. అదే వారంలో ఊరినుంచి వచ్చిన యువకులు, ఇంత మెత్తగా రాశారేమని అడిగారు. చీటీ మార్చాం. అందులో ఇప్పుడు మా మాట లేదు. ఆకులోని రెండు పంక్తులు ఉన్నదున్నట్టు, పక్కన గీసి కొలిస్తే ఎంత, రాశి పోస్తే ఎంత అన్న కొలతలు, కింద కమ్మరి తాత చెప్పిన వాక్యం, ఆయన పేరు లేకుండా. ఇద్దరూ పూర్తిగా ఒప్పుకోలేదు, అయినా తీసెయ్యమని ఎవరూ అనలేదు. పొలాల సరిహద్దులున్న ఆకులను మాత్రం ఆన్‌లైన్‌లో పెట్టలేదు. ఆ సర్వే నంబర్ల మీద కోర్టులో దావాలు నడుస్తున్నాయి. చూడాలనుకునేవారు దరఖాస్తు ఇచ్చి రీడింగ్ రూమ్‌లో చూడొచ్చు.